నేనిక్కడ పని చెయ్యనండి

ఉన్నక్కకి చలికాలంలో సెలవులు దొరకడం ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి. దానికి కారణం యజమాని మంచితనం కాదు, పగిలిన నీళ్ళ గొట్టం. ఊళ్ళోకెల్లా పెద్ద బట్టల షాపులో, సరిగ్గా ఉన్ని బట్టల విభాగం నెత్తిన అది పగిలింది. పొద్దున షట్టరు ఎత్తేసరికి శాలువాలన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి. వాటిని చూసి మేనేజరు కూడా ఇంచుమించు అలాగే అయ్యాడు. మరమ్మతులు పూర్తయ్యేదాకా అందరినీ ఇళ్ళకి వెళ్ళమన్నారు. మిగతావాళ్ళు ఎగిరి గంతేశారు. ఉన్నక్క మాత్రం తడిసిన స్వెట్టర్లని పిండి మడతపెట్టబోతుంటే, వాచ్‌మన్ వచ్చి చేతిలోంచి లాక్కోవలసి వచ్చింది.

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. ఉన్ని విభాగం అక్క కాబట్టి షాపులో చిన్నా పెద్దా ఉన్నక్క అన్నారు. ఆ పిలుపు మెల్లగా ఇంటిదాకా వచ్చేసింది. కోపమొస్తే మొగుడు కూడా అలాగే పిలుస్తాడు.

ఊరంతా చలికాలాన్ని అనుభవిస్తుంటే ఆమె దాన్ని అమ్ముతూ ఉంటుంది. మంచు మొదలైతే చాలు, పొద్దున షాపు తలుపు తెరిచింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలి. కొనడానికి వచ్చిన మనిషి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం ఆమె. ఎవరు కొంటారో, ఎవరు ఊరికే చలి కాచుకోవడానికి లోపలికొచ్చారో గుమ్మంలో చూసే చెప్పేస్తుంది. ఒక్కటి మాత్రం ఆమె ఎన్నడూ చెయ్యలేదు. నప్పని బట్ట నప్పిందని చెప్పలేదు, నప్పినదాన్ని నప్పలేదని కూడా చెప్పలేదు. ఇంత చేసి ఆమె వేసుకునేది మొగుడి పాత బూడిదరంగు స్వెట్టరు. కుడి మోచేతి దగ్గర మాసిక, ఆ మాసిక మీద ఇంకో మాసిక. ఎవరైనా అడిగితే, "షాపులో ఎలాగూ వెచ్చగానే ఉంటుంది కదా!" అంటుంది. షాపుకీ ఇంటికీ మధ్య బస్సు ప్రయాణం ఒకటుంది, దాని సంగతి ఎవరూ అడగరు కాబట్టి ఆమె చెప్పదు.

అసలు కథ ఆ బస్సులోనే ఉంది. దారిలో పాత బజారు మలుపు దగ్గర సిగ్నలు పడుతుంది. సిగ్నలుకి ఎదురుగా చిన్న కోట్ల షాపు. దాని అద్దం వెనక ఒక చెయ్యి లేని బొమ్మ. ఆ బొమ్మ ఒంటిమీద వంకాయరంగు కోటు. పెద్ద పెద్ద నల్ల గుండీలు, మెడ చుట్టూ మెత్తటి పట్టీ. బస్సు కిటికీలోంచే ఆమె దాని భుజం కుట్టు చూసింది, అంచు చూసింది, వేలాడే తీరు చూసింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. బస్సు మొత్తంలో ఎర్రదీపం పడాలని కోరుకునే మనిషి ఆమె ఒక్కతే. పచ్చదీపం ఉండి బస్సు ఆగకుండా వెళ్ళిపోయిన రోజున ఇంటికొచ్చి అందరినీ విసుక్కునేది. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక వస్తువు తనకి కావాలనుకోవడం ఆమెకి అలవాటు తప్పిన పని. అందుకని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ సెలవుల్లోనే కూతురు కూడా హాస్టలు నుంచి వచ్చింది. ఇంట్లో అందరికంటే పొడుగైపోయింది గానీ ఇంకా బుల్లి అనే పిలుస్తారు. వచ్చిన మర్నాడు లేచి చూస్తే, తల్లి మడతపెట్టిన దుప్పట్లని విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"అమ్మా, నువ్విలా నాలుగు రోజులు ఇంట్లో ఉంటే మన బట్టలన్నీ మడతల దగ్గర చిరిగిపోతాయి," అంది బుల్లి. "పద, ఊరు తిరిగొద్దాం. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊరికంతా స్వెట్టర్లు అమ్మి, నువ్వీ ఊళ్ళో ఎప్పుడైనా ఏమైనా కొనుక్కున్నావా?"

"మొన్ననే చీపురు కొన్నానుగా."

"నీకోసమే?"

ఉన్నక్క చేతిలో దుప్పటి పక్కన పెట్టింది. తరవాత, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు తల వంచుకుని, వంకాయరంగు కోటు సంగతి బయటపెట్టింది. చెబుతున్నంతసేపూ చేతులు గాలిలో ఆ కోటు మడతపెడుతూనే ఉన్నాయి. బుల్లి నోరెళ్ళబెట్టి విన్నది. తల్లికి ఒక వస్తువు మీద ఇంత ఇష్టం ఉండడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"రేపే కొంటున్నాం. కానీ ఒక షరతు. రేపంతా నువ్వు కొనేదానివి. అమ్మేదానివి కాదు. ఎవరైనా నిన్ను ఏదైనా అడిగితే, 'నేనిక్కడ పని చెయ్యనండి' అనాలి. ఏదీ, అను."

"ఆ మాత్రం అనలేనా?" అంది ఉన్నక్క.

పరీక్ష పెట్టడానికి తండ్రిని పిలిచారు. ఆయన లిఫ్టుల మెకానిక్కు. మనుషులతో కంటే లిఫ్టులతోనే ఆయనకి మాటలెక్కువ. తువ్వాలు చేత్తో పట్టుకుని, "అక్కా, ఇది ఎలా ఉంటుంది?" అని అడిగాడు. పెళ్ళాన్ని అక్కా అన్నందుకు ఆయనకేమీ అనిపించలేదు, బుల్లి మాత్రం నవ్వాపుకోలేక గోడకేసి తిరిగింది.

"రెండు ఉతుకులకి మెత్తబడుతుంది సార్, రంగు పోదు," అంది ఉన్నక్క.

"అమ్మా!"

"నోటిదాకా వచ్చిందే. ఈయన అడిగిన తీరు అలా ఉంది మరి. మళ్ళీ అడగమను."

మళ్ళీ అడిగాడు. ఈసారి ఇంకో రంగులో చూపించమంటారా అంది. చివరికి అన్నాలవేళకి ఆ మాట ఒక్కసారి తిన్నగా బయటికొచ్చింది. అందరూ చేతులు కడుక్కున్నారు.

మర్నాడు ముగ్గురూ బయల్దేరారు. తిన్నగా కోటు దగ్గరికి వెళ్ళుంటే కథే ఉండేది కాదు. కానీ ఇష్టమైన దాన్ని చివరికంటూ దాచుకునే రకం ఉన్నక్క. ముందు కొత్త అంగడి సముదాయం చూద్దామంది. తలో పనికోసం పుట్టిన మనుషుల్ని సరదాకి బయటికి తీసుకెళ్తే ఏమవుతుందో అక్కడే తెలిసింది. లిఫ్టెక్కగానే తండ్రి గోడకి చెవి ఆనించాడు. "బేరింగు అరుస్తోంది," అన్నాడు. పై అంతస్తులో తల్లీకూతుళ్ళు దిగారు, ఆయన దిగలేదు.

మఫ్లర్ల కొట్లో బుల్లి రంగులు చూసుకుంటూ ఉండగానే ఒక పెద్దావిడ ఉన్నక్క దగ్గరికొచ్చి, "మా ఆయనకి చెవులు మూసుకునేట్టు ఏదైనా ఉందా?" అంది. ఉన్నక్క ఊపిరి బిగబట్టింది. నేను అనే మాట కూడా వచ్చింది. తరవాతది రాలేదు. "నేను చూపిస్తాను రండి," అంది. పెద్దావిడకి రెండు మఫ్లర్లు, ఒక టోపీ అంటగట్టాక గానీ తెలివి రాలేదు. అక్కడి కౌంటరు పిల్ల ఈమె హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వచ్చిన మేడమేమోనని భయపడి, కూర్చున్నది కాస్తా లేచి నిటారుగా నిలబడింది. పోతూ పోతూ ఉన్నక్క ఆ పిల్లతో, "తెల్లవి కింద పెట్టకమ్మా, దుమ్ము పడుతుంది," అని కూడా చెప్పింది.

"ఛీ, నీతో ఎలాగమ్మా!" అంది బుల్లి.

కిందికి వచ్చేసరికి లిఫ్టు ఆగిపోయి ఉంది. లోపలి పలక ఊడదీసి తండ్రి చేతులకి నూనె పూసుకుని కూర్చున్నాడు. వరసలో నిలబడ్డవాళ్ళని మెట్లెక్కమని ఆయనే పంపేశాడట. అలా పంపడానికి ఆయనెవరని ఎవరూ అడగలేదట.

అయినా ఆ పూట బాగుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, చాలా బాగుంది. పాత బజారు రోడ్డు పక్కన నిలబడి ముగ్గురూ టీ తాగారు. వేడి గ్లాసుని రెండు చేతులా పట్టుకుని, నోట్లోంచి ఆవిర్లు వదులుతూ, ఉన్నక్క వచ్చేపోయే జనాన్ని చూసింది. ఎన్నేళ్ళుగానో తాను అమ్మిన శాలువాలు, స్వెట్టర్లు ఎదురుగా నడిచిపోతున్నాయి. ఈ వేళప్పుడు వీధిలో ఇంత ఎండ ఉంటుందని ఆమెకి తెలియదు. కూతురు భుజానికి భుజం ఆనించి నిలబడి, తనకి ఇవాళ సంతోషంగా ఉందని పైకే చెప్పింది. బుల్లి అది విని, గ్లాసు పక్కన పెట్టి, "సరే పద, కోటు కొనేద్దాం," అంది.

మలుపు తిరిగి షాపు అద్దం ముందుకొచ్చేసరికి ఉన్నక్క నడక ఆగిపోయింది. బొమ్మ ఒంటిమీద నూలుపోగు లేదు. ఉన్న ఒక్క చెయ్యీ ముందుకు చాపి వీధికేసి చూస్తోంది.

లోపల యజమాని, చెవుల మీదుగా మఫ్లరు చుట్టుకున్న ముసలాయన, హీటరు పక్కన కూర్చుని ఉన్నాడు. గిరాకీ వచ్చినా లేచే మనిషిలా లేడు. "చూసుకోండి తల్లీ, నచ్చితే తీసుకోండి, లేకపోతే లేదు," అన్నాడు. వ్యాపారం ఇలా కూడా చేస్తారా అని ఉన్నక్క ఆశ్చర్యపోయేలోపే కోటు కనిపించింది. నిలువుటద్దం ముందు ఒకావిడ దాన్ని వేసుకుని నిలబడి ఉంది. మెడలో స్కూలు కార్డు వేలాడుతోంది, టీచరమ్మ అయి ఉంటుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది, పెదవి విరిచింది. గుండీలు విప్పబోయింది.

విప్పేస్తే కోటు ఉన్నక్కది. ఉన్నక్క ఆవిడ వెనకగా వెళ్ళి, చేతులు ముందు కట్టుకుని నిలబడింది. విప్పగానే అందుకోవాలని ఆమె ఉద్దేశం. కానీ అలా నిలబడడం షాపుల్లో పనిచేసేవాళ్ళు నిలబడే పద్ధతి. టీచరమ్మ అద్దంలో ఆమెని చూసింది.

"అక్కా, నాకిది బాగుందా? నిజం చెప్పండి."

బుల్లి వెనకనుంచి కళ్ళు పెద్దవి చేసి పెదవులు కదిపింది. నేనిక్కడ పని చెయ్యనండి. ఆ ఒక్క ముక్క అంటే చాలు. లేదా, రంగు మిమ్మల్ని కొట్టేస్తోందండీ అన్నా చాలు, ఆవిడ అప్పటికప్పుడే విప్పేస్తుంది. ఉన్నక్క ఆవిడని పైనుంచి కిందికి చూసింది. ఎక్కడైనా వంక దొరక్కపోతుందా అని ఆశగా చూసింది. భుజం కుట్టు భుజం మీదే ఉంది. చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది. వీపు మీద ముడతైనా లేదు. ఆవిడ కోసమే కొలిచి కుట్టినట్టుంది, దరిద్రం! ఉన్నక్క నోరు తెరిచింది.

"మీ భుజానికి అతికినట్టు కూర్చుందండీ," అంది. "పై గుండీ తీసి వెయ్యండి, మెడ పొడుగ్గా కనిపిస్తుంది."

ఆ తరవాత ఉన్నక్క తన చేతుల్లో లేదు. పై గుండీ తానే తీసింది. వీపు మీద గుడ్డని చేత్తో ఒక్కసారి దిద్దింది. ఎండలో ఆరేయొద్దని, బీరువాలో మడతపెట్టకుండా తగిలించుకోమని, వర్షంలో వేసుకోవద్దని చెప్పింది. టీచరమ్మ మొహం విప్పారింది. ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు ఉన్నక్క ఆవిడని గుమ్మందాకా సాగనంపింది.

"మీరు చెప్పకపోతే వదిలేసేదాన్నక్కా," అని ఆవిడ వెళ్ళిపోయింది.

ముసలాయన మొదటిసారి కుర్చీలోంచి లేచాడు. "చలి మొదలైనప్పటినుంచి ఆ కోటు బొమ్మని వదల్లేదు తల్లీ. రేపటినుంచి పనిలోకి వస్తావా?" అన్నాడు. తండ్రి ఎటు చూడాలో తెలియక, ఈ షాపులో లిఫ్టు ఎక్కడుందా అని వెతికాడు. ఒకే అంతస్తు షాపు, లిఫ్టు లేదు.

"నీకా కోటు కావాలా, వద్దా?" అంది బుల్లి.

"కావాలే."

"మరెందుకమ్మా అలా చేశావ్?"

"ఆవిడ నిజం చెప్పమందే," అంది ఉన్నక్క. అనేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక కోటు కోసం ఈ వయసులో ఏడుపేమిటని సిగ్గేసింది. సిగ్గుపడినా ఏడుపు ఆగలేదు. స్వెట్టరు చేతితో, ఆ మాసిక మీదే, కళ్ళు తుడుచుకుంది. అది చూసి బుల్లి కోపం ఎటు పోయిందో పోయింది.

బుల్లి ఓసారి ముక్కు ఎగబీల్చి, గిరుక్కున తిరిగి కౌంటరు వెనక్కి వెళ్ళింది. "తాతగారూ, కొంచెం పక్కకి జరగండి. ఇంకేం కోట్లున్నాయి?"

"పై అరలో ఒకటుందమ్మా. ఆకుపచ్చది. అదెవరూ కొనరు," అన్నాడాయన, అమ్మకమంటే ఏమిటో తెలియని మనిషి.

బుల్లి స్టూలు ఎక్కకుండానే దాన్ని అందుకుని దులిపింది. పచ్చటి పచ్చ, దాని మీద పసుపు గళ్ళు. "రండమ్మా, రండి, కూర్చోండి," అంది తల్లితో. "కొనకపోయినా పరవాలేదు, ఒకసారి భుజం మీద వేసుకుని చూడండి."

ఉన్నక్క గతుక్కుమంది. అది తన మాట. ఆ విరుపు కూడా తనదే. చిన్నప్పుడు ఇంట్లో చూసేవాళ్ళు లేక, బడి వదిలాక బుల్లిని తీసుకొచ్చి కౌంటరు కింద కూర్చోబెట్టుకునేది. ఆ పిల్ల అక్కడే లెక్కలు చేసుకునేది, అక్కడే నిద్రపోయేది. చెవులు మాత్రం తెరుచుకునే ఉన్నాయన్నమాట.

"పిచ్చివేషాలు వెయ్యకే. ఆకుపచ్చ నాకు నప్పదు."

"అద్దంలో చూడకుండా ఎలా చెబుతారమ్మా?"

"దాని లోపలి గుడ్డ పిగిలి ఉంటుంది, చూడు."

"చెయ్యి పెట్టి మీరే చూసుకోండమ్మా. ఈ రంగు అందరికీ నప్పదు, మీలాంటివాళ్ళకే."

"అది కూర్చున్న సరుకుకి చెప్పే మాట!" అని అరిచింది ఉన్నక్క. ఎన్నేళ్ళయినా అమ్ముడుపోకుండా అరలో ఉండిపోయే దాన్ని వాళ్ళ షాపులో కూర్చున్న సరుకంటారు. అరిచింది గానీ అప్పటికే బూడిదరంగు స్వెట్టరు విప్పి కౌంటరు మీద పెట్టేసింది, ఒక చెయ్యి కోటులో దూర్చేసింది కూడా. అమ్మేవాళ్ళు ఇంత బాగా పిలిస్తే ఎవరు మాత్రం కాదంటారు?

అద్దం ముందుకి నడిపించింది బుల్లి. ఉన్నక్క అద్దాల మధ్యే బతికిన మనిషి. కానీ వాటిలో ఆమె ఎప్పుడూ రెండో మనిషే. ముందు కొనేవాళ్ళుంటారు, వాళ్ళ భుజం వెనక సగం మొహంతో తానుంటుంది. ఇవాళ ముందు తానే ఉంది. వెనక సగం మొహంతో కూతురు నిలబడి, తాను చేసినట్టే వీపు మీద గుడ్డ దిద్దుతోంది. ఎక్కడ చూడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

"ఏవండీ, ఎలా ఉంది?" అంది.

ఆయన ముందుకొచ్చి, కోటు రెండంచులూ చాలాసేపు చూసి, "తలుపులు సమంగా మూసుకుంటున్నాయి," అన్నాడు.

ఉన్నక్క మళ్ళీ అద్దంలోకి తిరిగింది. "బుల్లీ, నాకిది బాగుందా? నిజం చెప్పు."

కౌంటరు కింద పెరిగిన పిల్ల అది. బాగుందని అనేస్తే బేరం కుదిరిపోతుంది, ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు. తెరిచిన నోరు మూసి, కాస్త ఆగి, "రంగు నిన్ను కొట్టేస్తోందమ్మా," అంది. "కానీ నువ్వు వెచ్చగా ఉన్నావు. నిన్ను వెచ్చగా చూడడం నాకిదే మొదటిసారి."

ఉన్నక్క మెడ దగ్గర గుండీ పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. అప్పుడు ముసలాయనకేసి తిరిగి, కొనేవాళ్ళు మాట్లాడే గొంతుతో, "కవర్లో పెట్టొద్దండీ, వేసుకునే వెళ్తాను," అంది. ఆ మాట ఎందరో తనతో అన్నారు. తాను అనడం ఇదే.

వంకాయరంగు దాని బాధ పోయిందా అంటే, పోలేదు. బస్టాపులో నిలబడ్డంతసేపూ ఒక్కో కోటునీ పరకాయించి చూస్తూనే ఉంది. అది వేరు, ఇది వేరు. చలి మాత్రం వెయ్యలేదు.

బస్సు పాత బజారు మలుపు దగ్గరికొచ్చింది. ఎర్రదీపం పడింది. అలవాటుకొద్దీ ఉన్నక్క కిటికీలోంచి చూసి, "అయ్యో!" అంది.

కౌంటరు మీద మరిచిపోయి వచ్చిన స్వెట్టరు బొమ్మ ఒంటిమీద ఉంది. అమ్మడం రాదనుకున్న ముసలాయన అంతపనీ చేశాడు. పైగా మాసిక ఉన్న చెయ్యి, బొమ్మకి లేని చెయ్యే. ఖాళీగా వేలాడే ఆ చేతిని మడిచి వెనక్కి దోపాడు, ఎవరికీ కనపడకుండా.

"అది నాదే," అన్నాడు తండ్రి.

అద్దం బయట ఒకామె ఆగింది. సంచీ చంకన పెట్టుకుని, మెడ పక్కకి వంచి, ఆ స్వెట్టరుకేసే చూస్తోంది. లోపలికి అడుగు పెట్టబోతోంది.

"దానికి మోచెయ్యి దగ్గర మాసికుందే, ఆవిడకి చెప్పాలి," అంటూ ఉన్నక్క సీట్లోంచి లేచింది. బుల్లి కొత్త కోటు పట్టుకుని కిందికి లాగింది.

"అమ్మా, ఆ మాట."

ఉన్నక్క కూర్చుంది. కిటికీ అద్దానికి మొహం ఆనించి, వీధిలో నిలబడ్డ ఆ మనిషికి వినపడదని తెలిసే, "నేనక్కడ పని చెయ్యనండి," అంది. ఈసారి మాట తడబడలేదు. పచ్చదీపం పడి బస్సు కదిలింది.